కాగితం మీది పాట, గొంతులోని పాట

"పాట బాగుంటే చాలు, ఎవరు పాడితేనేం?" అనే మాట వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. అందులో అసూయ లేదు, తగవు లేదు, కళ అందరి సొత్తన్న పెద్దమనసు ఒకటి కనిపిస్తుంది. అయితే ఈ మాటను రెండోసారి పాడి గెలిచినవాడి పక్కన నిలబడి అనగా చాలాసార్లు విన్నాను గానీ, మొదట పాడి మరుగున పడినవాడి పక్కన నిలబడి ఎవరైనా అనగా ఇంతవరకూ వినలేదు. ఉదారమైన మాట ఒకే వైపు లాభం చేకూరుస్తున్నదంటే అది ఉదారమైన మాట కాదు, సౌకర్యమైన మాట. ఆ సౌకర్యం ఎవరిది, ఆ ఖర్చు ఎవరిది అన్న లెక్క ఒకసారి తేల్చుకోవాలి. ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ అమెరికా సోల్ సంగీతంలోని ఒక ప్రేమగీతం: ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్’. 1966లో పెర్సీ స్లెడ్జ్ పాడాడు. పాతికేళ్ళ తరువాత, 1991లో, మైకేల్ బోల్టన్ మళ్ళీ పాడాడు. రెండూ బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. కానీ రెండూ ఒకే పాట అని నేను ఒప్పుకోను.

ముందు ఆ మొదటి పాట సంగతి. అలబామా రాష్ట్రం ఉత్తరాన టెనెసీ నదికి ఇరుదరులా మజిల్ షోల్స్, షెఫీల్డ్, టస్కంబియా, ఫ్లోరెన్స్ అని నాలుగు చిన్న ఊళ్ళున్నాయి. వాటికి చేరువలోనే లైటన్ అనే పల్లె. స్లెడ్జ్ ఆ పల్లెవాడు. చిన్నతనంలో పత్తిచేలలో పనిచేసినవాడు. 1960ల నడుమ పగలు ఆసుపత్రిలో రోగులకు సేవలు చేసే సహాయకుడిగా ఉంటూ, వారాంతాల్లో ఎస్క్వయర్స్ కాంబో అనే స్థానిక బృందంలో పాడేవాడు. వదిలి వెళ్ళిపోయిన ప్రియురాలి దిగులులో ఈ పాట పుట్టిందనీ, ఆ రాగాన్ని తాను చేలలో పనిచేసే రోజుల నుంచీ కూనిరాగం తీస్తుండేవాడిననీ ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. షెఫీల్డులో రికార్డుల దుకాణం నడుపుతూ, రేడియోలో పాటలు వినిపిస్తూ ఉండే క్విన్ ఐవీ అనే ఆయన అప్పటికే నొరాలా అనే చిన్న స్టూడియో పెట్టి ఉన్నాడు. పాట అక్కడ రికార్డయింది. ఆర్గన్ మీద స్పూనర్ ఓల్డ్‌హామ్, డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, గిటారు మీద మార్లిన్ గ్రీన్. శబ్దగ్రహణం జిమ్మీ జాన్సన్. పక్క ఊళ్ళో ఫేమ్ స్టూడియో నడిపే రిక్ హాల్ ఈ పాట విని న్యూయార్కులో అట్లాంటిక్ సంస్థకు చెందిన జెర్రీ వెక్స్‌లర్‌కు కబురు చేశాడు. అలా అట్లాంటిక్ ద్వారా బయటకు వచ్చిన పాట 1966 మే నెలాఖరుకు దేశంలో మొదటి స్థానంలో నిలిచి, రెండు వారాలు అక్కడే ఉంది.

ఆ ఊరి సంగీతకారులు చెప్పే కథ ఒకటుంది. పాటలోని బూరా వాద్యాలు శ్రుతి తప్పాయి కనుక మళ్ళీ వాయించి పంపమని వెక్స్‌లర్ కోరాడట. వీళ్ళు వాయించి పంపారట. తీరా టేపులు తారుమారై, శ్రుతి తప్పిన మొదటి టేపే రికార్డుగా అచ్చయిందట. కథలో అతిశయోక్తి ఎంతున్నా, రికార్డు మన ముందే ఉంది. చివర్లో వచ్చే ఆ బూరాలు నిజంగానే కొంచెం పక్కకు ఒరిగి ఉంటాయి. ఆ ఒరగడం పాటకు దిష్టిచుక్క కాదు, ప్రాణం. ఎందుకో చెబుతాను.

పాట త్రిశ్ర నడకలో, చాలా నెమ్మదిగా సాగుతుంది. కింద బేస్ స్వరాలు మెట్టు మెట్టుగా దిగుతూ ఉంటాయి. పైన ఆర్గన్ చర్చిలో మోగినట్టు నిలకడగా మోగుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య స్లెడ్జ్ గొంతు ఒంటరిగా నిలబడుతుంది. మొదటి మాటే పైస్థాయిలో ఎత్తుకుంటాడు. ఏమాత్రం తడబడినా చిరిగిపోయే అంచు మీద గొంతు. మాటల పొందిక మరీ చిత్రమైనది. మొదట అది ప్రపంచంలోని మగవాడెవరి గురించో చెబుతున్నట్టు, అనుభవజ్ఞుడు నలుగురికీ హితవు చెబుతున్నట్టు మొదలవుతుంది. ప్రేమలో పడ్డవాడికి ఆమె తప్పులు కనబడవు, స్నేహితుడు నిజం చెప్పినా శత్రువే అవుతాడు, చేతిలో ఉన్న ఆఖరి కాసు కూడా ఖర్చుపెడతాడు అనే ధోరణి. కొంతసేపటికి గానీ ఆ ‘మగవాడు’ పాడుతున్నవాడేనని తెలియదు. సామాన్యసూత్రం వెనుక దాక్కున్న మనిషి నడిమిట్లో ఇక దాక్కోలేక బయటపడతాడు. మనవాళ్ళు సామెత చెప్పి సొంత బాధ వెళ్ళబోసుకుంటారే, ఆ పద్ధతి. స్లెడ్జ్ గొంతులోని ఆ బిడియం, ఆ నిలవరింపు లేకపోతే ఈ మలుపు వినపడదు. ఆ మనిషి బయటపడ్డాకనే బూరాలు వస్తాయి. అప్పటికి అతడు ఒరిగిపోయి ఉన్నాడు, అవీ ఒరిగే వస్తాయి.

ఇదంతా ఏ కాగితం మీదా రాసిలేదని గమనించండి. కాగితం మీద ఉన్నవి కొన్ని మాటలు, ఒక వరుస, కొన్ని స్వరసమూహాల గుర్తులు మాత్రమే.

ఇక బోల్టన్ పాట. 1991లో వచ్చిన ‘టైమ్, లవ్ అండ్ టెండర్‌నెస్’ అనే ఆల్బమ్ లోనిది. అదే ఏడాది నవంబరులో మొదటి స్థానానికి చేరింది. 1992లో ఉత్తమ పురుష పాప్ గాయకుడిగా బోల్టన్‌కు దీనికే గ్రామీ వచ్చింది. అమరిక చాలావరకూ పాతదాన్నే అనుసరిస్తుంది. నడక అదే, దిగే బేస్ స్వరాలు అవే. మెరుగు మాత్రం కొత్తది. ప్రతి వాద్యమూ కడిగి తుడిచినట్టుంటుంది, శ్రుతి ఎక్కడా వెంట్రుకవాసి కదలదు. గొంతులో బలం ఉంది, గరుకుతనం ఉంది, ఊపిరికి కొదవ లేదు. అన్నీ ఉన్నాయి గనుకనే నాకు అభ్యంతరం. మొదటి పంక్తిలోనే అతడు బాధలో మునిగి ఉన్నాడు. దాక్కోవడం లేదు కనుక బయటపడడమూ లేదు. పాదం పాదానికీ చివర ఒక విరుపు, ఒక కేక. ఏడవబోయి ఆపుకునే మనిషిని చూస్తే మన కళ్ళు చెమరుస్తాయి. ఏడుపు ఎంత బాగా ఏడవగలనో చూపే మనిషిని చూస్తే చప్పట్లు కొడతాం. బోల్టన్‌కు చప్పట్లు న్యాయంగానే వచ్చాయి. కన్నీళ్ళు వచ్చాయని మాత్రం అనకండి.

"కానీ ఆయన పాడబట్టే కదా ఆ పాట కొత్తతరానికి తెలిసింది? లేకపోతే స్లెడ్జ్‌ను ఎవరు గుర్తుపెట్టుకునేవారు?" అన్నది రెండో సౌకర్యమైన మాట. ఇది అభిరుచికి సంబంధించినది కాదు, చరిత్రకు సంబంధించినది. కనుక తేల్చడం తేలిక. 1979లో ‘ది రోజ్’ చిత్రంలో బెట్ మిడ్లర్ ఈ పాట పాడింది. 1987లో జీన్స్ వ్యాపార ప్రకటన ఒకటి స్లెడ్జ్ పాత రికార్డునే వాడుకోగా, ఆ రికార్డు బ్రిటన్‌లో మళ్ళీ విడుదలై రెండో స్థానానికి చేరింది. ఇరవయ్యొక్క ఏళ్ళ కిందటి రికార్డు, ఒక్క స్వరమైనా మార్చకుండా, శ్రుతి తప్పిన బూరాలతో సహా! బోల్టన్ దాన్ని ముట్టుకోవడానికి అది నాలుగేళ్ళ ముందు మాట. మరుగున పడిన పాటను ఆయన వెలికితీయలేదు. కోట్లమంది చెవుల్లో సిద్ధంగా ఉన్న పాటను ఎత్తుకున్నాడు. బావి తవ్వినవాడికీ నీళ్ళు తోడుకున్నవాడికీ తేడా ఉంది.

మూడో మాట వీటికంటే బరువైనది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. "ఒకరి పాట మరొకరు పాడడం సోల్ సంగీతానికి కొత్తా? ఓటిస్ రెడ్డింగ్ 1965లో పాడిన ‘రెస్పెక్ట్’ను 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడి తనదిగా చేసుకోలేదా? ఆ ఓటిస్ పాడిన ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’ 1932 నాటి పాట కాదా?" నిజమే. ఇంకా ముందుకు పోయి, మన కర్ణాటక సంగీతమంతా ఆ లెక్కన కవర్ వెర్షనే కదా, త్యాగరాజ కీర్తనను త్యాగరాజు తప్ప అందరూ పాడుతున్నారు కదా అని కూడా అడగవచ్చు.

అడగండి, జవాబు అక్కడే ఉంది. అరీతా ‘రెస్పెక్ట్’లో ఏం చేసింది? ఇంటికి అలసి వచ్చిన మగవాడు భార్య నుంచి కోరే మర్యాదను, ఆడది మగవాడి నుంచి నిలదీసి రాబట్టుకునే మర్యాదగా మార్చింది. పాటకు కర్త మారాడు, కర్మ మారింది, లోకం మారింది. ఓటిస్ రికార్డు వినకపోయినా అరీతా పాట నిలబడుతుంది, విన్నాక ఇంకా గట్టిగా నిలబడుతుంది. అది వ్యాఖ్యానం కాదు, ఎదురుకావ్యం. వాల్మీకి కథను తీసుకున్నవారిలో ఎవరు కవులో ఎవరు లేఖకులో మనకు తెలియదా? ఇక కీర్తన సంగతి: అందులో వాగ్గేయకారుడు తన ముద్ర తానే చరణంలో పొదిగిపెట్టాడు. పాడినవాడు ఎంత గొప్పవాడైనా ఆ పేరు ఉచ్చరించకుండా పాట ముగించలేడు. రుణం పాటలోనే రాసి ఉంది, ప్రతి కచేరీలోనూ తీరుతోంది. మన సంప్రదాయం ఎవరైనా పాడుకోండని అన్నది నిజమే కానీ ఎవరిదో చెప్పకుండా పాడుకోండని అనలేదు. స్లెడ్జ్ పాటకు అటువంటి ముద్ర లేదు. ఆయన ముద్ర ఆయన గొంతే. ఆ గొంతు తీసేస్తే ముద్ర పోయింది.

ఇక్కడ ఇంకొక తేలికదారి కూడా మూసెయ్యాలి. ఈ కథను "నల్లవాడి పాటను తెల్లవాడు దోచుకున్నాడు" అని ఒక్క వాక్యంలో చెప్పి ముగించేవారున్నారు. అమెరికా సంగీత చరిత్రలో ఆ వాక్యం నిజమైన సందర్భాలు కోకొల్లలు. కానీ ఇక్కడ అది చాలదు. స్లెడ్జ్ వెనుక వాయించిన ఓల్డ్‌హామ్, హాకిన్స్, గ్రీన్, రికార్డు చేయించిన ఐవీ, అందరూ తెల్లవారే. ప్రతి వీధిలోనూ వర్ణవివక్ష గోడలున్న అలబామాలో, సెల్మా ఊరేగింపు జరిగిన మరుసటి ఏడాది, ఒక గదిలో నల్ల గాయకుడూ తెల్ల వాద్యగాళ్ళూ కలిసి చేసిన పాట ఇది. బోల్టన్ కూడా ఆ సంగీతాన్ని ఎగతాళి చేసినవాడు కాదు, ప్రేమించినవాడు. కాబట్టి నా ఫిర్యాదు ఆయన రంగు మీద కాదు, ఆయన మనసు మీద కూడా కాదు. పాట అంటే ఏమిటో నిర్ణయించే లెక్కల పుస్తకం మీద.

ఆ పుస్తకం ఏం చెబుతుందో చూద్దాం. ఈ పాట కర్తలుగా నమోదైనవి రెండు పేర్లు: కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్. ఇద్దరూ స్లెడ్జ్ బృందంలోనివారే, ఒకరు బేస్ వాయించేవారు, ఇంకొకరు ఆర్గన్. పాట రూపం కట్టడంలో తోడ్పడినందుకు కృతజ్ఞతగా ఆ కర్తృత్వాన్ని తానే వాళ్ళకు వదిలేశానని స్లెడ్జ్ తరువాత చెప్పాడు. అది పెద్ద పొరపాటేనని ఒప్పుకుంటూనే, దానికి తాను కుమిలిపోవడం లేదనీ అన్నాడు. ఆయన కుమిలిపోలేదు సరే, మనం ఆలోచించడం మానాలా? అమెరికాలో 1909 నాటి చట్టం నుంచీ ఒక ఏర్పాటుంది. ఒకసారి రికార్డుగా వెలువడిన పాటను, నిర్ణీత రుసుము చెల్లిస్తే, ఎవరైనా మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ రుసుము రచయితకూ ప్రచురణకర్తకూ చెందుతుంది. మొదట పాడినవాడికి అందులో దమ్మిడీ భాగం లేదు. అంటే బోల్టన్ రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా, ఆ పాటను పాటగా చేసిన గొంతుకు చట్టప్రకారం రావలసింది సున్న. ఇంకా విచిత్రం: అమెరికాలో సాధారణ రేడియో పాటను ప్రసారం చేస్తే రచయితకు సొమ్ము ముడుతుంది, గాయకుడికి ముట్టదు. 1966 నుంచి స్లెడ్జ్ గొంతు ఎన్ని కార్లలో, ఎన్ని వంటిళ్ళలో మోగిందో ఊహించుకోండి. ఆ రేడియో ప్రసారాలకు ప్రతిఫలం ఆ గొంతుకు లేదు.

ఈ పుస్తకం బోల్టన్‌ను ఎలా చూసిందో కూడా చెప్పాలి, లేకపోతే తూకం సరిపోదు. గాయకుడిగా పేరు రాకముందు బోల్టన్ పాటల రచయిత. ఆయన డగ్ జేమ్స్‌తో కలిసి రాసిన ‘హౌ యామ్ ఐ సపోజ్డ్ టు లివ్ వితౌట్ యూ’ను 1983లో లారా బ్రానిగన్ పాడి విజయం సాధించింది. అప్పుడు గాయని మరొకరైనా రచయితగా బోల్టన్ వాటా భద్రం. తరువాత ఆయనే పాడగా 1990లో అది మొదటి స్థానానికి చేరింది. అప్పుడూ రచయిత వాటా భద్రం. అంటే తన పాట ఇతరులు పాడినప్పుడు కాగితం ఆయనను కాపాడింది, ఇతరుల పాట తాను పాడినప్పుడూ కాగితమే కాపాడింది. కాగితం ఉన్నవాడికి రెండు చేతులా రక్షణ.

ఓటిస్ రెడ్డింగ్ పాట ‘డాక్ ఆఫ్ ది బే’ను కూడా బోల్టన్ 1987లో పాడాడు. ఓటిస్ భార్య జెల్మా రెడ్డింగ్ దాన్ని విని మెచ్చుకుంటూ రాసింది. బోల్టన్ పక్షం వారు దీన్ని తరచు చూపిస్తారు. ఆమె మెప్పు మనస్ఫూర్తి అయినదేనని నేనూ నమ్ముతాను. కానీ ఒక తేడా మరువకండి. ఆ పాటకు ఓటిస్ కేవలం గాయకుడు కాడు, స్టీవ్ క్రాపర్‌తో కలిసి నమోదైన రచయిత. 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో ఆయన పోయినా, ఆ పాట ఎవరు పాడినా ఆయన పేరున లెక్క నడుస్తుంది. ఒకే గాయకుడు ఇద్దరు సోల్ గాయకుల ప్రసిద్ధ గీతాలను తీసుకున్నాడు. ఒకరి పేరు కాగితం మీద ఉంది, ఇంకొకరి పేరు లేదు. అంతే తేడా. గొంతుల్లో తేడా కాదు, బాధలో తేడా కాదు.

అన్నిటికంటే నిష్ఠురమైన సాక్ష్యం ఆ 1991 ఆల్బమ్ లోనే ఉంది. అందులో ‘లవ్ ఈజ్ ఎ వండర్‌ఫుల్ థింగ్’ అని ఒక పాట. అదే పేరుతో ఐస్లీ సోదరులు 1960ల నడుమ ఒక పాట చేసి ఉన్నారు. తమ పాటను వాడుకున్నారని వాళ్ళు దావా వేశారు. తాను ఆ పాట వినలేదని బోల్టన్ వాదించాడు. 1994లో జ్యూరీ ఐస్లీల పక్షాన తీర్పు చెప్పింది. చెల్లించవలసిన మొత్తం 54 లక్షల డాలర్లు. 2000లో అప్పీలు న్యాయస్థానం దాన్ని ఖరారు చేసింది. 2001లో సుప్రీం కోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆ తీర్పు గురించి భిన్నాభిప్రాయాలుండవచ్చు. నేను చూపదలచినది వేరు. ఒకే పళ్ళెంలో రెండు పాటలు. ఒకదానిలో పోలిక ఉన్నది కొన్ని అంశాలలో, అదీ తెలియక చేసినదని వాదన, దానికి 54 లక్షలు. ఇంకొకదానిలో నడక, అమరిక, ఆవేశపు ఆకారం మొత్తం ఎత్తి పోసుకున్నది, తెలిసి చేసినది, దానికి మొదటి గాయకుడికి చెల్లించవలసినది ఏమీ లేదు, పైగా గ్రామీ. చట్టం తప్పిందని కాదు. చట్టం తన కంటికి కనిపించినదాన్నే చూసింది. దాని కంటికి కాగితమే కనిపిస్తుంది.

"గొంతుకు హక్కు ఎలా కొలుస్తారు, అది గాలి కదా" అంటారేమో. కొలిచారు! కొలిచింది ఎవరి విషయంలోనో తెలుసా? ఇదే పాటను ‘ది రోజ్’లో పాడిన బెట్ మిడ్లర్ విషయంలో. ఫోర్డ్ కార్ల ప్రకటనకు పాడనని ఆమె నిరాకరిస్తే, ఆమె దగ్గర వెనుకపాట పాడిన గాయని చేత అచ్చం ఆమెలాగే పాడించారు. పాటకు అనుమతి సక్రమంగా తీసుకున్నారు. అయినా 1988లో అప్పీలు న్యాయస్థానం మిడ్లర్ వాదం నిలుస్తుందన్నది. మనిషి ముఖం ఎంత ఆ మనిషిదో గొంతూ అంతే ఆ మనిషిది అన్నది ఆ తీర్పు సారాంశం. పాటకు లైసెన్సు ఉండడం గొంతుకు లైసెన్సు ఉండడం కాదని అర్థమయింది కదా? అయితే ఆ జ్ఞానం కార్ల ప్రకటన దగ్గరే ఆగిపోయింది, పాటల దుకాణం గడప దాటి లోపలికి రాలేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోనక్కరలేదు. మన దేశంలో 1980లలో క్యాసెట్ల వ్యాపారం పెరిగినప్పుడు, పాత సినిమా పాటలను కొత్త గొంతులతో పాడించి చౌకగా అమ్మిన ‘వెర్షన్ రికార్డింగు’ల వరద అందరూ చూసినదే. పాత చట్టంలోని వెసులుబాటే దానికి దారి. 2012 సవరణలో ఆ నిబంధన బిగించారు. మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు గడిస్తే గానీ అనుమతి లేకుండా కవర్ వెర్షన్ చేయరాదన్నారు. ఆ సవరణే గాయకులకు రాయల్టీ హక్కు కూడా కల్పించింది. మంచిదే. కానీ ఆ హక్కు ఆ గాయకుడి రికార్డింగు వాడుకున్నప్పటి సంగతి. వేరొకరు అదే పోకడతో పాడి అమ్ముకుంటే మొదటి గొంతుకు అక్కడా వాటా లేదు. మనం మాత్రం నోరారా ‘ఘంటసాల పాట’, ‘బాలు పాట’ అనే అంటాం. మాటలు ఒకరివి, వరుస ఇంకొకరిది అని తెలిసీ అలాగే అంటాం. జనం వాడుకలో పాట గొంతుది. దస్తావేజులో పాట కాగితానిది. 2017లో ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు ఇక్కడ అంత కలకలం రేగడానికి కారణం ఈ రెండు లెక్కలూ బహిరంగంగా ఢీకొనడమే. స్వరకర్త హక్కు నిజం. పాట తమ గొంతులోనే పుట్టినంత పని చేసిన గాయకుడి భాగం కూడా నిజం. రెండో నిజానికి దస్తావేజు లేదు.

పైగా ఇప్పుడు ఆలస్యం చేసే సమయం కూడా లేదు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ చిత్రంలో, 2020లో కన్నుమూసిన బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో తిరిగి పుట్టించి వాడారు. తమ అనుమతి లేకుండా ఇది చేశారని ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపినట్టు 2024లో వార్తలొచ్చాయి. అదే ఏడాది టెనెసీ రాష్ట్రం గొంతును అనుకరణ యంత్రాల నుంచి కాపాడే చట్టం తెచ్చింది. బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతు విషయంలో మధ్యంతర రక్షణ ఇచ్చింది. యంత్రం దొంగిలించే రోజు వచ్చాక గానీ గొంతు ఒక ఆస్తి అని లోకానికి తట్టలేదు! మనిషి చేత మనిషి గొంతును తిరగవ్రాయించినంత కాలం దానికి ‘నివాళి’ అని పేరు పెట్టి ఊరుకున్నాం. "పాట బాగుంటే చాలు, ఎవరు పాడితేనేం" అన్నవారు ఇప్పుడు ఈ యంత్రానికి ఏమని అభ్యంతరం చెబుతారు? పాట బాగుంటే యంత్రం పాడితేనేం?

మరి ఏం చేయమంటావని అడుగుతారు. కవర్ వెర్షన్లను నిషేధించమని నేను కోరడం లేదు. అలా కోరితే అరీతాను కూడా పోగొట్టుకుంటాం. నేను కోరేవి మూడు. మొదటిది, పాట కర్త పేరుతోపాటు ఆ పాటకు తొలి రూపమిచ్చిన గాయకుల పేరు, వాద్యకారుల పేర్లు ప్రతి మారురికార్డు మీదా అచ్చువేయాలి. త్యాగరాజు తానే చేసుకున్న ఏర్పాటును స్లెడ్జ్‌కు మనం చేయాలి. రెండోది, చట్టం విధించే ఆ రుసుములో ఒక చిన్న పాలు, ఎంత చిన్నదైనా సరే, మొదటి రికార్డు గాయకుడికి చేరాలి. దీనివల్ల కళ కుంటుపడుతుందనేవారు రచయిత వాటా వల్ల శతాబ్దం పైగా ఏ కళ కుంటుపడిందో చూపించాలి. మూడోది మన చేతిలోనే ఉన్నది: కొత్త పాట విని ముచ్చటపడినప్పుడు దీన్ని ముందు ఎవరు పాడారని ఒక్కసారి అడగడం.

స్లెడ్జ్ 2005లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2015 ఏప్రిల్ 14న లూసియానాలోని బేటన్ రూజ్‌లో కన్నుమూశాడు. గౌరవాలు దక్కలేదని ఎవరూ అనలేరు. గౌరవం వేరు, వాటా వేరు. శాలువా కప్పి పొలం రాయించుకోవడం మన ఊళ్ళలో కూడా తెలిసిన విద్యే.

రెండు రికార్డులూ దొరుకుతాయి, ఒకదాని వెంట ఒకటి వినండి. బోల్టన్ పాటలో ఒక్క తప్పు కూడా దొరకదు. స్లెడ్జ్ పాటలో బూరాలు శ్రుతి తప్పి ఉంటాయి. ఆ తప్పును ఇంతవరకూ ఎవరూ కవర్ చేయలేకపోయారు.